ఒక్కదానికే వచ్చిన వాసన

ఆ మంగళవారం ఉదయం పదిన్నర వేళ కాత్యాయనికి రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది.

జురాంగ్ ఐలాండ్‌లో అలాంటి వాసనని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. దీవి నిండా చమురు ట్యాంకులూ, గొట్టాలూ, పొద్దస్తమానం మండే చిమ్నీలూ. అక్కడి ఒక రసాయనాల ప్లాంటు ల్యాబులో కాత్యాయని ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ప్లాంటు నుంచి సీసాల్లో వచ్చే నమూనాలను పరీక్షించడం ఆమె ఉద్యోగం. కడుపుతో ఉన్నాను, మూడో నెల అని చెప్పగానే, ఆ రసాయనాల ఘాటు మంచిది కాదని, సీసాలకు నంబర్లు వేసి కంప్యూటర్లో ఎక్కించే బల్ల దగ్గరికి మార్చారు. ఇప్పుడు ఐదో నెల.

నియమం ప్రకారం ఆమె వెంటనే కంట్రోల్ రూముకి ఫోను చేసింది. గాలిని పరీక్షించే మీటర్లు పట్టుకుని ఇద్దరు వచ్చారు. నమూనాల ఫ్రిజ్ వెనకా, సీసాల అల్మరాలోనూ, ఏసీ జాలీ దగ్గరా చూశారు. మీటర్లో సున్నా సున్నాలాగే ఉంది. పక్క గదిలోంచి రోస్నా వచ్చింది. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబులోనే ఉన్న మలయ్ మనిషి, అందరికీ అక్కలాంటిది. ముక్కు ఎగబీల్చి చూసి పెదవి విరిచింది.

"నాకేం తెలీట్లేదు. కడుపుతో ఉన్నప్పుడు ముక్కు ఊరికే ఉండదు. నా రెండోవాడప్పుడు పక్క బ్లాకులో చేపలు వేయించినా నాకు వాంతే," అని నవ్వింది.

కాత్యాయని కూడా నవ్వింది. వాసన అప్పటికే పోయింది. పది సెకన్లు ఉందేమో. కానీ అది పోతూ పోతూ నాలుక మీద ఇనుము నాకినట్టు ఒక రుచి వదిలింది. కడుపులోంచి ఏదో పైకి పాకి గొంతు దగ్గర ఆగింది. అది బిడ్డ కదలిక కాదు. ఆ రుచి ఆమెకి పదమూడేళ్ళ కిందటి పరిచయం.

కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో, పంతొమ్మిదో ఏట, ప్రాక్టికల్స్ మధ్యలో ఇలాగే రబ్బరు వాసన వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలియదు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది, నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. అప్పటినుంచి మూర్ఛ ఆమెతో పాటే ఉంది. ముందు ఒక మందు, అది పడక ఇంకొకటి, చివరికి లామోట్రిజిన్ మాత్రల దగ్గర జబ్బు నోరు మూసుకుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏడేళ్ళుగా ఒక్క ఫిట్టూ లేదు. ఒక్క మాత్రా మర్చిపోలేదు. నవనీత్‌ని పెళ్ళిచూపుల్లో కలిసినప్పుడు కాఫీ చల్లారకముందే ఈ సంగతి చెప్పేసింది. అతను ఒక నిమిషం ఆలోచించి, "అయితే ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలో నాకు నేర్పించండి," అన్నాడు. ఆ మాటకే ఒప్పుకుంది.

బిడ్డ కావాలనుకున్నప్పుడు కూడా ఇద్దరూ ముందుగానే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ లిమ్ నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. ఈ మందు గర్భంలో వాడదగ్గ వాటిలో మెరుగైనదే అంది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో రాసింది. తర్వాత వేలు చూపించి ఒక మాట చెప్పింది.

"గర్భం వచ్చాక నీ ఒంట్లో ఈ మందు నిలవదు. నువ్వు మింగేది మింగుతూనే ఉంటావు, రక్తంలో మాత్రం పడిపోతూ ఉంటుంది. అందుకే నెలనెలా రక్తపరీక్ష. పడిన కొద్దీ మనం పెంచుతాం."

రెండో నెల పరీక్షకి నవనీత్ కూడా వచ్చాడు. మూడో నెలలో మాత్ర పెంచారు. ఆ సాయంత్రం, దీవి దాటాక ఉన్న బూన్ లేలో వాళ్ళ పదకొండో అంతస్తు ఫ్లాటులో, పెంచిన మాత్ర అరచేతిలో పెట్టుకుని కాత్యాయని చాలాసేపు కూర్చుంది. మందు బిడ్డ దాకా పోదులే అని సర్దిచెప్పుకోవడానికి ఆమెకి వీల్లేదు. కెమిస్ట్రీ చదువుకుంది. పోతుందని తెలుసు. స్కానింగులో గింజంత ఉన్న చెయ్యి ఊపిన ఆ బొమ్మ కళ్ళ ముందుంది. వచ్చే నెల పరీక్ష చేస్తే ఇంకా పెంచుతారు. ఆపై నెల మళ్ళీ పెంచుతారు. పరీక్షే చేయించుకోకపోతే?

మాత్రలు మానలేదు. అంత తెలివితక్కువది కాదు. పరీక్షకి మాత్రం వెళ్ళలేదు. క్లినిక్ నుంచి ఫోను వస్తే ఆఫీసులో పని ఉందనీ, వచ్చే వారం వస్తాననీ తేదీ మార్పించుకునేది. కాన్పు డాక్టరు అడిగితే, "వచ్చే వారం ఉందండీ," అనేది. అది నిజమే, ప్రతిసారీ వచ్చే వారం ఉండేది. నవనీత్ నగరానికి ఇంకో చివర, చాంగి వైపు ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాడు, రానూపోనూ మూడు గంటలు. "నీ సెలవులు కాన్పుకి దాచుకో," అని అతన్ని రానివ్వలేదు.

"రిపోర్టు ఏమొచ్చింది?" అని అడిగేవాడు.

"నార్మలే."

ఆ మాట నాలుగో నెలలో ఒకసారి, ఐదో నెలలో ఒకసారి అంది. అన్నాకే ఆ వాసన వచ్చింది.

రెండోసారి వాసన ఇంట్లో వచ్చింది, బట్టలు ఆరేస్తుంటే. మూడోసారి కంపెనీ బస్సులో, దీవి గేటు దగ్గర పాసు చూపించే వరసలో. ఆమె ఇప్పుడు ఎవరికీ ఫోను చెయ్యడం లేదు. గోడ గడియారమో, ఫోనో చూసి లెక్కపెట్టేది. ఎనిమిది, తొమ్మిది, పది. పోయేది. ఒకసారి రోస్నా ఏదో అడుగుతుండగా వచ్చింది. పోయాక చూస్తే రోస్నా ముఖం వేరేలా ఉంది. "కాత్యా, నేను రెండుసార్లు అడిగాను," అంది. నిద్ర సరిపోలేదని కాత్యాయని చెప్పింది. ఇంకోసారి కుడిచేతి బొటనవేలు దానంతట అదే రెండుసార్లు అదిరింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో గట్టిగా నొక్కి పట్టింది, ఎవరిదో పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు.

ఏడో నెలలో నవనీత్ తల్లి తారాదేవి రాజమండ్రి నుంచి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. కాత్యాయనికి తల్లి లేదు, అందుకని కాన్పుకి తనే వస్తానంది. వచ్చిన నాలుగో రోజు, ఇద్దరూ కరివేపాకు దూస్తూ కూర్చున్నప్పుడు, ఆవిడ చేతిలో రెమ్మ పక్కన పెట్టింది.

"అమ్మాయ్, ఇందాక నిన్ను పిలిచాను. పలకలేదు."

"వినపడలేదండి అత్తయ్యా."

"వినపడకపోవడం కాదది." తారాదేవి ఆమె కళ్ళలోకి చూసింది. "మా బళ్ళో మంగతాయారు అని మూడో తరగతి పిల్ల ఉండేది. పాఠం మధ్యలో దాని చూపు ఆగిపోయేది. పరాకు చిత్తగిస్తోందని నేను గోడకుర్చీ వేయించేదాన్ని. ఒకసారి కాదు, ఏడాదంతా. వేసవి సెలవుల్లో కాలవ రేవులో గిన్నెలు తోముతూ నీళ్ళలో పడిపోయింది. మోకాలి లోతు నీళ్ళే. ఎలా పడిందో, ఎందుకు లేవలేదో అప్పుడు ఎవరికీ తెలీలేదు. నాకు తెలిసింది. చూపు అలా ఆగిపోవడం కూడా మూర్ఛేనని, పదిహేనేళ్ళ తర్వాత ఓ శిక్షణ తరగతిలో డాక్టరెవరో చెబుతుంటే తెలిసింది."

కాత్యాయని ఆకులు దూస్తూనే ఉంది.

"నీ మందులు సరిగ్గా సరిపోతున్నాయా తల్లీ?"

"సరిపోతున్నాయండి," అంది. ఇంకో రెమ్మ అందుకుంది.

మరుసటి గురువారం మధ్యాహ్నం ల్యాబులో మళ్ళీ ఆ వాసన వచ్చింది. అదే రబ్బరు, అదే కాలిన కంపు. కాత్యాయని అలవాటుగా గడియారం చూసింది. ఎనిమిది, తొమ్మిది, పది. పోలేదు. ఇరవై. ముప్పై. ఇంకా ఉంది, ఇంకా ఎక్కువవుతోంది. ఇన్నాళ్ళూ చిన్నగా వచ్చి పోయింది, ఇవాళ పెద్దదే వస్తోంది అనుకుంది. కుర్చీలోంచి పడితే కడుపుకి దెబ్బ. అందుకని పెన్ను మూత పెట్టి, కళ్ళజోడు తీసి బల్ల మీద ఉంచి, మెల్లగా నేల మీద ఎడమ పక్కకి ఒరిగి కూర్చుంది, గోడకి వీపు ఆనించి. రెండు చేతులూ కడుపు చుట్టూ వేసింది. బిడ్డ ఒకసారి తన్నింది. "కొంచెంసేపే," అని దానికి చెప్పింది. కళ్ళు మూసుకుని మూర్ఛ కోసం ఎదురుచూసింది.

మూర్ఛ రాలేదు. తలుపు తెరుచుకుంది. రోస్నా కేక విని కళ్ళు తెరిచేసరికి గది సగం ఎత్తు దాకా బూడిదరంగు పొగ. ఫ్రిజ్ వెనక ఉన్న కరెంటు బోర్డు వైరు కరిగి కారుతోంది. అది ఆమె కూర్చున్న చోటికి చేతికందే దూరం. గోడకి అవతల ఇంకా పరీక్ష చెయ్యని సీసాలు నలభై ఉన్నాయి.

రోస్నా ఆమెని రెక్క పట్టుకుని బయటికి లాగింది. అలారం మోగింది. ఎవరో మంటలార్పే సిలిండరు తెచ్చి పొడి చల్లారు. అర నిమిషంలో ఆరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. బయట ఎండలో అందరూ వరసలో నిలబడి పేర్లు పిలిపించుకుంటుంటే రోస్నా ఆమె చెయ్యి వదల్లేదు.

"అంత పొగలో ఎలా కూర్చున్నావు? నీకు వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

అప్పటికి పదకొండుసార్లు కాత్యాయని ముక్కు ఆమెకి అబద్ధం చెప్పింది. పన్నెండోసారి నిజం చెబితే నమ్మలేదు.

ఆ సాయంత్రం నవనీత్ ఇంటికి వచ్చేదాకా ఆగి, తల్లీకొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. పరీక్షలకి వెళ్ళకపోవడం, వాసన, లెక్కపెట్టడం, ఇవాళ్టి పొగ. ఏడవలేదు. ఆఫీసులో రిపోర్టు చదివినట్టు వరసగా చెప్పుకుపోయింది.

"ఇన్ని నెలలూ నార్మల్ అన్నావు," అన్నాడు నవనీత్.

"అన్నాను."

"నేను అడగడం కూడా రిపోర్టు అడిగినట్టే అడిగాను కదా. నిన్ను అడగలేదు." లేచి ఫోను తీసి క్లినిక్ నంబరు వెతకసాగాడు. తారాదేవి కోడలి పక్కకి జరిగి కూర్చుంది.

మర్నాడు డాక్టర్ లిమ్ కూడా కోప్పడలేదు. అదే కాత్యాయనిని ఎక్కువ భయపెట్టింది. రక్తం తీయించి, మాత్ర పెంచింది. "ఒక్కసారిగా పైకి తీసుకెళ్ళలేను. మెట్టు మెట్టుగా వెళ్ళాలి. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ లోపల నిన్ను ఒంటరిగా వదలకూడదు. పొయ్యి దగ్గరికి వద్దు, తలుపు గడియ పెట్టుకుని స్నానం వద్దు." తర్వాత కొంచెం ముందుకి వంగింది. "బిడ్డకి మందు వద్దనుకున్నావు, అర్థమైంది. కానీ మందుకీ ఏమీ లేకపోవడానికీ మధ్య కాదు నువ్వు ఎంచుకున్నది. మందుకీ ఫిట్‌కీ మధ్య."

ఆ కొన్ని రోజులు ఆమెని ఎవరూ ఒంటరిగా వదల్లేదు. నవనీత్ ఇంటినుంచే పని చేశాడు. కాత్యాయని బాత్రూముకి వెళ్తే తారాదేవి తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండేది, ఎక్కాలు కూడా అప్పజెప్పించుకుంది ఒకసారి. శుక్రవారం గడిచింది. శనివారం గడిచింది. ఆదివారం పొద్దున ఎండ హాల్లోకి వచ్చింది, కింద ఎవరో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. కాత్యాయని సోఫాలో కూర్చుని నారింజ ఒలుస్తోంది. తొక్క మీద గోరు గుచ్చడం ఆమెకి గుర్తుంది.

ఆ తర్వాత గుర్తున్నది అంబులెన్సు పైకప్పు.

మధ్యలో జరిగింది ఇతరులు చెబితే తెలిసింది. పండు దొర్లిందట. తారాదేవి ఒక చేత్తో ఆమె తల కింద దిండు తోసి, రెండో చేత్తో ఎడమ పక్కకి తిప్పి పట్టుకుందట. "నోట్లో ఏమీ పెట్టకు, చేతులు పట్టి ఆపకు, టైము చూడు!" అని కొడుకుని గద్దించిందట. నవనీత్ అంబులెన్సు కోసం 995కి ఫోను చేసి, చిరునామా చెబుతూనే గడియారం చూస్తూ ఉన్నాడట. రెండు నిమిషాల పది సెకన్లు. పెదాలు నీలంగా మారాయని అతను ఆమెకి చెప్పలేదు. నెలల తర్వాత తారాదేవి నోరు జారింది.

ఆసుపత్రిలో కడుపు మీద బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు పెట్టారు. అది నెమ్మదిగా ఉంది. అలా ఉండకూడదని కాత్యాయనికి నర్సు ముఖం చూస్తే తెలిసింది. ఒక నర్సు వెళ్ళి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది. ఆ చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఖాళీలో కాత్యాయని తన ప్రాణం పెట్టి విన్నది. ఏడు నిమిషాలకి అది కొంచెం పుంజుకుంది. ఇంకాసేపటికి గుర్రం పరుగులా సాగింది.

"బాగానే ఉంటుందా?" అని డాక్టర్ లిమ్‌ని అడిగింది.

"ఒక్క ఫిట్‌తో సాధారణంగా బిడ్డకి ఏమీ కాదు," అంది ఆవిడ. "సాధారణంగా అనే మాట కంటే గట్టి మాట నా దగ్గర లేదు."

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఉండాల్సిన మందులో మూడోవంతు కూడా లేదు. ఆ తర్వాత మాత్రలు గర్భానికి ముందు ఉన్నదానికి రెట్టింపు దాకా వెళ్ళాయి. వారం విడిచి వారం రక్తం ఇచ్చింది. ప్రతి రిపోర్టూ నవనీత్ చేతిలోనే పెట్టింది. వాసన మళ్ళీ రాలేదు. ముప్పై ఎనిమిదో వారంలో ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఏడువందలు. చేతులూ కాళ్ళూ గుండే అన్నీ చూసి బాగుందన్నారు. భువన అని పేరు పెట్టుకున్నారు.

గండం గడిచిందని అందరూ అనుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక కాగితం ఇచ్చింది. కాన్పు అయ్యాక ఒళ్ళు పాత పద్ధతికి వస్తుంది, మందు ఇక తొందరగా బయటికి పోదు, కాబట్టి మూడో రోజు నుంచే మాత్రలు మెట్టు మెట్టుగా తగ్గించాలి అని అందులో ఉంది. ఏ రోజు ఎంతో గళ్ళు గీసి రాశారు. కాత్యాయని ఆ కాగితం చదివింది. మడిచి సొరుగులో పెట్టింది. నారింజ పండు గుర్తొచ్చింది. తక్కువైతే ఏం జరిగిందో తనకి తెలుసు, ఇప్పుడు ఒళ్ళో పిల్ల ఉంది. ఓ వారం ఎక్కువే వేసుకుంటే ఏం పోయింది అనుకుంది. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తారాదేవి వంటింట్లో ఉంది. భువన ఏడ్చింది. కాత్యాయని లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్ళబోతే నేల పడవలా ఊగింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుని ఉయ్యాలలోకి చూసింది. లోపల ఇద్దరు పిల్లలున్నారు. ఇద్దరూ ఒకేలా ఏడుస్తున్నారు, ఒకే పిడికిలి ఊపుతున్నారు. ఆమె చేతులు చాచింది. వాటిని ఏ పిల్ల కింద పెట్టాలో తెలియలేదు. ఎత్తితే, ఎత్తుకున్నది పిల్ల కాక గాలి అయితే?

చేతులు వెనక్కి తీసుకుంది. అక్కడికక్కడే నేల మీద చతికిలబడింది.

"అత్తయ్యా!" అని అరిచింది, తన గొంతు తనకే కొత్తగా వినపడేంత గట్టిగా. తారాదేవి పరుగున వచ్చింది. "పిల్లని మీరు ఎత్తుకోండి. నాకు ఇద్దరు కనిపిస్తున్నారు. మాత్రలు తగ్గించమంటే తగ్గించలేదు నేను. నవనీత్‌కి ఫోను చెయ్యండి, క్లినిక్‌కి చెయ్యండి. ఇప్పుడే చెయ్యండి."

పావుగంటలో టాక్సీలో ఉన్నారు. పిల్ల తారాదేవి ఒళ్ళో ఉంది. దారి పొడుగునా కాత్యాయని కనిపించినది కనిపించినట్టు పైకి చెబుతూనే ఉంది, రెండు స్టీరింగులు, రెండు లారీలు, ఇప్పుడు కడుపులో తిప్పుతోంది అని. డ్రైవరు అద్దంలోంచి బెదురుగా చూశాడు. క్లినిక్‌లో మందు ఒంట్లో పేరుకుపోయిందని తేల్చారు. రెండు రోజులు ఉంచుకుని, పద్ధతి ప్రకారం తగ్గించారు. నాలుగో రోజుకి రెండు ప్రపంచాలూ ఒకటయ్యాయి.

భువనకి ఇప్పుడు పది నెలలు. ప్రతి మూడు నెలలకీ ఒక డాక్టరు ఆ పిల్లని చాప మీద కూర్చోబెట్టి బొమ్మలిచ్చి చూస్తాడు, చప్పుడు చేసి తల తిప్పుతుందో లేదో చూస్తాడు, గళ్ళలో టిక్కులు పెడతాడు. ఇప్పటిదాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఫిట్‌వల్ల గానీ, ఆ మాత్రలవల్ల గానీ ఏమైనా ఉంటే ఎప్పుడు తెలుస్తుందని కాత్యాయని అడిగితే, "మాటలు రానివ్వండి, నడక రానివ్వండి," అంటాడు. ఆమె ఒక్క తేదీ కూడా వాయిదా వెయ్యలేదు.

తారాదేవి రాజమండ్రి వెళ్ళిపోయింది. పగలు పిల్లని చూసుకోవడానికి ఒక మనిషి వస్తుంది. కాత్యాయని పిల్లకి ఒంటరిగా స్నానం చేయించదు. నేల మీద పరుపు వేసి, అక్కడే పాలు పడుతుంది, అక్కడే బట్టలు మారుస్తుంది. తను పడితే పిల్లకి దెబ్బ తగులుతుందని నిలబడి ఎత్తుకోదు. ఇంట్లో ఇంకెవరున్నా పిల్లని ఎత్తుకుని ఒక్క అడుగు కూడా వెయ్యదు. భువనకి లోకం అంటే అదే, కాబట్టి వింతేమీ లేదు. తండ్రిని చూస్తే చేతులు పైకి చాస్తుంది. తల్లి దగ్గరికి మాత్రం పాక్కుంటూ వచ్చి, కుర్తా అంచు పట్టుకుని, ఆమె నేల మీద కూర్చునేదాకా కిందికి లాగుతుంది.